కుట్టేకొద్దీ పెరుగుతున్న గుడ్డల నిల్వ: దీన్ని ఎక్కడ ఆపాలి?

సూదీ_దారం
మాది మల్కాజిగిరిలో రెండు పడకగదుల ఇల్లు. ఇంటిల్లిపాదికీ బట్టలు నేనే కుడతాను, బయటివారి పని పట్టుకోను. దివాన్ మంచం కింది పెట్టె, బీరువాలో పై అరలు, అటక మీది రేకు పెట్టె అన్నీ ఇంకా కత్తెర తగలని గుడ్డలతో నిండిపోయాయి. మిషను మూలన పడి ఉంటే ఇది సోమరితనమని సరిపెట్టుకునేదాన్ని, కానీ ఏదో ఒకటి కుడుతూనే ఉన్నాను. అయినా నిల్వ తగ్గడం లేదు సరికదా, పెరుగుతున్నది. విచిత్రమేమిటంటే, పండక్కి అమ్మాయికి ఏదైనా కుడదామని ఇవన్నీ దింపి చూస్తే పనికొచ్చేది ఒక్కటీ కనిపించదు, మళ్ళీ సికింద్రాబాద్ జనరల్ బజారుకు బయలుదేరవలసిందే. అక్కడికి వెళ్ళాక ఒక్క గుడ్డతో తిరిగి వచ్చేవారు ఎవరైనా ఉంటే వారికి నా నమస్కారం.

ఉన్నవి పూర్తయ్యేవరకు కొత్తవి కొనకూడదని ఎవరైనా నియమం పెట్టుకున్నారా, దాన్ని పాటించగలిగారా? ఏళ్ళ తరబడి దాస్తే ఏ రకం గుడ్డ పాడవుతుంది, ఏది నిలుస్తుంది? మా అత్తగారు మాత్రం ముందు గదికి షట్టరు పెట్టించి మ్యాచింగ్ సెంటర్ తెరవమంటున్నారు.

రామకోటి_రవిక
అలాంటి నియమం పెట్టుకున్నవారిని చూశాను. ఆషాఢం తగ్గింపు బోర్డులు కనిపించేవరకు చాలా నిష్ఠగా ఉంటారు.

పన్నా44
నియమం సంగతి తరువాత చూద్దాం. "పనికొచ్చేది ఒక్కటీ లేదు" అన్నారే, అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. మీ దగ్గర ఉన్నవాటి పొడవులు, పన్నాలు (అంటే అడ్డం వెడల్పులు) ఎప్పుడైనా టేపు పెట్టి కొలిచారా, లేక రంగును బట్టే గుర్తు పెట్టుకుంటున్నారా?

సూదీ_దారం
రంగును బట్టే గుర్తు. కొన్నప్పటి పొడవు కొన్నింటికి గుర్తుంది, పన్నా మాత్రం దేనికీ గుర్తు లేదు.

తాను_తుండు
నాకు కుట్టుపని రాదు. ఉద్యోగ జీవితమంతా పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ఒక బట్టల కొట్టులో గుడ్డ కొలిచి చింపినవాణ్ణి కాబట్టి కౌంటరుకు ఇవతలి వైపునుంచి చూసింది చెబుతాను.

మా దగ్గరికి రెండు రకాలవారు వచ్చేవారు. మొదటి రకంవారు చేతిలో చీర, సంచిలో ఆది జాకెట్టు పెట్టుకుని వచ్చి, కావలసినంత చింపించుకుని వెళ్ళేవారు. రెండో రకంవారు తాను చూసి మనసు పారేసుకునేవారు. ఎంత కావాలని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి "రెండు మీటర్లు ఇవ్వండి" అనేవారు. ఆ రెండు మీటర్లే మీ బీరువాలో కూర్చున్నదని నేను చూడకుండానే చెప్పగలను.

లెక్క చూడండి. 44 అంగుళాల పన్నాలో జాకెట్టుకు మనిషిని బట్టి 80 సెంటీమీటర్లనుంచి మీటరు వరకు పడుతుంది. మోకాలు దాటే కుర్తాకు చేతులతో కలిపి 2.5 మీటర్లు కావాలి, సల్వారుకు మళ్ళీ విడిగా 2 నుంచి 2.5 మీటర్లు. మగవారి ఫుల్ చేతుల చొక్కాకు 58 పన్నాలో 1.6 మీటర్లు, 36 పన్నాలో 2.25కు పైమాటే. ఇప్పుడు 44 పన్నాలో 2 మీటర్ల గుడ్డ దేనికి సరిపోతుందో చెప్పండి. జాకెట్టు కుడితే సగం మిగిలిపోతుంది, కుర్తాకు చేతుల దగ్గర చాలదు. అటూ ఇటూ కాని పొడవు అది. వీటికి తోడు తాను చివర మిగిలిన 1.4, 1.75 తుండ్లను మేము ధర తగ్గించి కౌంటరు మీద కుప్పగా పోసేవాళ్ళం. ఇంట్లో కుట్టుకునేవారి చెయ్యి ముందుగా ఆ కుప్ప మీదికే వెళ్ళేది.

అందుకని ఎక్కువ కొనడం మీ సమస్య అని నేను అనుకోవడం లేదు. ఏం కుట్టాలో తేలకముందే పొడవు తేల్చేయడమే సమస్య.

అంగుళం_తేడా
మీరు చెప్పిన ఆ రెండు మీటర్లు మా ఇంట్లో పుష్కలంగా ఉన్నాయి. చదువుతుంటే కొట్టులో నన్ను పక్కనుంచి చూసి రాసినట్లనిపించింది.

పడుగూ_పేక
తాను_తుండు గారి లెక్కతో నాకు పేచీ లేదు, కానీ అది మిల్లు గుడ్డకు, మరమగ్గం గుడ్డకు వర్తించే లెక్క. చేనేతకు దాన్ని తెచ్చి కట్టడం నాకు అంగీకారం కాదు.

పోచంపల్లి ఇక్కత్‌లో నమూనా నేతకు ముందే నూలు మీద పడుతుంది. కట్టి, రంగు ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచి, ఆ తరువాత గాని మగ్గం ఎక్కదు. ఆ పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) అయిపోతే అదే నమూనా మళ్ళీ నేయించవచ్చు గాని, అదే ఛాయ అచ్చంగా అలాగే వస్తుందని ఏ నేతగాడూ మాట ఇవ్వడు. పుట్టపాక తేలియా రుమాలు సంగతి చెప్పనే అక్కరలేదు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నానబెట్టి సిద్ధం చేసుకుని ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేస్తారు. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దాని పేరు చాలామందికి తెలిసింది. అటువంటిది కంటబడినప్పుడు "కుర్తాకా, జాకెట్టుకా" అని తేల్చుకుని వస్తానని ఇంటికి వెళితే, తిరిగి వచ్చేసరికి అది ఉండదు.

చేనేతలో ముందు కొనాలి, తరువాత ఆలోచించాలి. ఆలోచన ఎన్నేళ్ళు పట్టినా నష్టం లేదు.

తాను_తుండు
ముందు కొనండి, నేను కాదనను. కాకపోతే 2 మీటర్ల దగ్గర ఆగకుండా 2.5 మీటర్లు కొనండి. ఆ అర మీటరుకు వెనకాడితే మిగతా రెండు మీటర్ల సొమ్మూ బీరువాలోనే ఉండిపోతుంది. పైగా మగ్గం గుడ్డ పన్నా ఒకలాగే ఉంటుందని నమ్మడానికి లేదు. కొన్నిచోట్ల 44 వస్తుంది, కొన్నిచోట్ల 46, 48 వస్తుంది. కొట్టులోనే కొలిపించుకోవాలి.

పడుగూ_పేక
దీనికి ఒప్పుకుంటున్నాను.

పసుపు_కుంకుమ
మీరంతా కొన్నవాటి గురించి మాట్లాడుతున్నారు. కొననివాటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో నిల్వలో సగం శ్రావణమాసంలో వాయనాలతోనూ, గృహప్రవేశాలు, సీమంతాలు, పెళ్ళిళ్ళలో తాంబూలంతోనూ వచ్చిన జాకెట్టు ముక్కలే. నేను ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండానే ఏటా కొత్త సంచి నిండుతుంది.

వీటిలో చాలామటుకు 80 సెంటీమీటర్లకు లోపే ఉంటాయి. కొందరు ఏకంగా 70 సెంటీమీటర్లవి పెడతారు. పాలియెస్టర్ కలిసిన గుడ్డ, మెరుపు ఉంటుంది, గాలి ఆడదు. అందులో నా కొలతలకు చేతులు కూడా కత్తిరించలేను. అయినా పసుపు కుంకుమలతో ఇచ్చినది కాబట్టి పారేయడానికి మనసు రాదు, పనిమనిషికి ఇద్దామన్నా ఆమెకూ అదే సమస్య. చివరికి అందరూ చేసే పనే నేనూ చేస్తున్నాను, వచ్చినదాన్ని వచ్చినట్లుగా మరొకరి తాంబూలంలో పెడుతున్నాను. మా కాలనీలో ఒక ముదురాకుపచ్చ ముక్క ఉంది. దాన్ని చూడని ఇల్లాలు లేదు, కుట్టించుకున్న ఇల్లాలూ లేదు.

రామకోటి_రవిక
ఆ ముదురాకుపచ్చ ముక్క రామకోటికి కూడా వచ్చి వెళ్ళింది. క్షేమంగానే ఉంది.

అంగుళం_తేడా
నవ్వుకున్నా గాని, దీనికి తీరు మార్చవలసింది ఇచ్చేవారే. నేను వరలక్ష్మీ వ్రతానికి మీటరు చొప్పున మంచి నూలు గుడ్డ చింపించి పెడుతున్నాను. సంఖ్య తగ్గించి, దగ్గరివారికే ఇస్తున్నాను. పేరంటానికి వచ్చినవారందరికీ ఇవ్వలేదని ఒకరిద్దరు మూతి ముడిచారు, అయినా ఇచ్చిన ముక్కలతో కుట్టిన జాకెట్లు ఇప్పుడు మా వీధిలో కనిపిస్తున్నాయి.

పసుపు_కుంకుమ
అది మీకు కుదిరింది. మా అత్తవారి వైపు పేరంటానికి వచ్చిన ముత్తయిదువను వట్టి తమలపాకులతో పంపిస్తే నన్ను ఇంకో పేరంటానికి పిలవరు.

మిల్లు_కెమిస్టు
సూదీ_దారం గారి రెండో ప్రశ్న పక్కకు పోయింది. వస్త్రాల రంగులు, ఫినిషింగు విభాగంలో పని చేసిన అనుభవంతో దానికి జవాబు రాస్తాను. కొంత పొడవవుతుంది, ఓపిక పట్టండి.

ముందుగా నూలు. నూలు గుడ్డను పురుగు తినదనుకోవడం పూర్తిగా నిజం కాదు. పట్టునూ ఉన్నినీ తినే చిమ్మట పిల్ల పురుగులకు నూలు ఆహారం కాదు, కానీ వెండిలా మెరిసే రెక్కలు లేని చిన్న పురుగులు బీరువా మూలల్లో తిరుగుతుంటాయే, అవి గంజి కోసం వస్తాయి. మగ్గం ఎక్కేముందు పడుగు నూలుకు గంజి పెడతారు. పైగా కొట్టులో గుడ్డ నిగనిగలాడాలని ఇంకొంత పట్టిస్తారు. కాబట్టి కొత్త నూలు గుడ్డను గంజి వదిలేలా నీళ్ళలో నానబెట్టి, ఉతికి, పూర్తిగా ఆరబెట్టి దాస్తే ఆ పురుగులకు పిలుపు ఉండదు. దీనివల్ల రెండో లాభం కూడా ఉంది. నూలు గుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం వరకు కుదించుకుపోతుంది. 2.5 మీటర్ల గుడ్డ 5 శాతం తగ్గితే 12.5 సెంటీమీటర్లు పోయినట్లే. కుట్టాక పోతే కుర్తా పొట్టిదవుతుంది, కుట్టకముందు పోతే మీకు అసలు ఎంత ఉన్నదో తెలుస్తుంది. రేయాన్ ఇంకా ఎక్కువ కుదించుకుపోతుంది, దాన్ని ఉతకకుండా కత్తిరించడమంటే సాహసమే.

పట్టుకు ఈ పద్ధతి పనికిరాదు. దాన్ని ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో బిగిస్తే వానాకాలపు చెమ్మ లోపలే ఉండిపోయి మచ్చలు పడతాయి. ఒకే మడత మీద ఏళ్ళు గడిస్తే ఆ గీత వెంబడే పోగులు విరుగుతాయి, అందుకని అప్పుడప్పుడు తీసి మడత మార్చాలి. చోటుంటే గొట్టానికి గుడ్డ చుట్టి, దాని మీద పట్టును చుట్టడం ఇంకా మేలు. వెండి జరీ ఉన్నవాటికి రబ్బరు బ్యాండు వేయకూడదు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

కలరా ఉండలు వాడేవారు వాటిని గుడ్డకు తగలనివ్వకుండా చిన్న మూటకట్టి పైన వేలాడదీయాలి. వాటినీ కర్పూరాన్నీ ఒకే అరలో కలిపి ఉంచవద్దు. రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నప్పటికంటే చాలా తక్కువ వేడికే కరిగి తడిగా మారతాయి, మన ఊరి మే నెలలో ఆ మరక ఖాయం. ఇంట్లో పసిపిల్లలుంటే కలరా ఉండల జోలికే వెళ్ళకపోవడం మంచిది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీను వల్ల రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది.

పాలియెస్టర్‌ను ఏ పురుగూ ముట్టదు. పసుపు_కుంకుమ గారి ముదురాకుపచ్చ ముక్క మనందరికంటే ఎక్కువ కాలం ఉంటుంది. సాగే గుడ్డల సంగతి వేరు. లైక్రా కలిసినవి ఏళ్ళు గడిచేకొద్దీ సాగే గుణం పోగొట్టుకుంటాయి కాబట్టి నిల్వలో మొదట కుట్టవలసినవి అవే.

పడుగూ_పేక
చాలా ఉపయోగపడే వివరాలు. ఒక్క విషయం చేర్చాలి. ఇక్కత్, కలంకారీ మొదటి ఉతుకులో రంగు వదులుతాయి కాబట్టి ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మరునాడు విడిగా ఉతకాలి. ఉప్పు రంగును పట్టి ఉంచుతుంది.

మిల్లు_కెమిస్టు
విడిగా ఉతకాలన్న మాట నిజం. ఉప్పు గురించి చెప్పింది మాత్రం నిజం కాదు. రంగు తొట్టిలో ఉప్పు వేసేది రంగు నీళ్ళను వదిలి నూలు వైపు పోవడానికి. ఒకసారి అద్దకం పూర్తయ్యాక, అంటుకోకుండా మిగిలిన రంగును ఉప్పు కట్టి ఉంచలేదు. ఆ మిగులు రంగు పోవలసిందే, చల్లని నీళ్ళలో రెండు మూడు జాడింపులు జాడించి నీరు తేటపడేవరకు వదిలించడమే మార్గం. రాత్రంతా నానబెడితే ఊరిన రంగు పక్కనున్న తెల్ల భాగానికి పట్టుకునే ప్రమాదం ఎక్కువ.

పడుగూ_పేక
మా అమ్మ, మా పెద్దమ్మ ఇద్దరూ ఉప్పే వాడారు, చీరలు ఇప్పటికీ బాగున్నాయి.

మిల్లు_కెమిస్టు
బాగా అద్దిన చీరలు ఉప్పు వేసినా బాగుంటాయి, వేయకపోయినా బాగుంటాయి. అనుమానముంటే కత్తిరించకముందే ఒక మూల తడిపి, తెల్ల గుడ్డ పైన వేసి ఇస్త్రీపెట్టెతో నొక్కి చూడండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే, దాన్ని లేతరంగు గుడ్డతో కలిపి కుట్టవద్దు.

పన్నా44
పెద్దమ్మల ఉప్పు మీద ఇంతకుముందు కూడా రెండు పేజీల వాదన జరిగింది. అటు పోకుండా మిగుళ్ళ గురించి మాట్లాడుకుందాం. అర మీటరుకు లోపు ఉన్నవాటిని నిల్వగా లెక్కపెట్టడం నేను మానేశాను. వాటిలో గట్టివాటిని ఐమూలగా కోసి పైపింగు పట్టీలు చేసి చుట్టి పెట్టుకుంటాను, మరీ చిన్నవి బొంత మూటలోకి వెళతాయి. బొంతలోకి పాత నూలు చీరలు పొరలుగా వేస్తాం కాబట్టి కొత్త ముక్కలు పైన అందానికే.

అంగుళం_తేడా
కూరగాయల సంచులు కూడా కుట్టవచ్చు. 2022 చివరినుంచి 120 మైక్రాన్లకంటే పలుచని ప్లాస్టిక్ సంచులు వాడకూడదన్నారు కదా, మా అపార్టుమెంటులో అందరికీ తలా ఒకటి కుట్టి ఇచ్చాను.

మిషన్_మామయ్య
సంచికి లైనింగు గుడ్డలాంటి పలుచనిది వేస్తే రైతు బజారు దాటకముందే పిడి ఊడుతుంది. సోఫా కవరుకో, కర్టెనుకో తెచ్చి మిగిలిన మందపాటి గుడ్డ వేయండి, పిడి మొదట్లో అడ్డంగా, ఐమూలగా నాలుగు కుట్లు వేయండి.

ఇక సూదీ_దారం గారి మొదటి ప్రశ్నకు వస్తాను. నేను నా చొక్కాలు, మనవల లాగులు చొక్కాలు కుడతాను. "కొనకూడదు" అన్న నియమం నాకు ఎప్పుడూ నచ్చలేదు, దానివల్ల మనిషి దొంగచాటుగా కొనడం మొదలుపెడతాడు. నేను పాటించేది వేరు. తోడు లేని గుడ్డను బీరువాలో పెట్టను. చొక్కా గుడ్డ అయితే కాలరు క్యాన్వాసు, గుండీలు, దారం రీలు. జాకెట్టు గుడ్డ అయితే లైనింగు, హుక్కులు. కుర్తా అయితే దాని కింద వేసుకునేది ఏమిటో. అన్నీ ఒకే మడతలో పెట్టి, పొడవు, పన్నా, ఉతికినదా కానిదా, ఎవరి కోసం అన్నది కాగితం మీద రాసి గుండుసూదితో గుచ్చుతాను. గుండుసూది తుప్పు పట్టనిది కావాలి, లేకపోతే గుడ్డ అంచుకు కుట్టు వేసి కట్టండి.

ఈ పద్ధతి పెట్టాక జరిగిందేమిటంటే, కొట్టులో ఒక గుడ్డ నచ్చినప్పుడు దానికి తగిన లైనింగు కోసం మ్యాచింగ్ సెంటరుకు, అక్కడినుంచి గుండీల కోసం బేగంబజారుకు తిరగాలన్న ఆలోచనకే సగం కోరిక చచ్చిపోతుంది. మిగిలిన సగం కోరికతో కొన్న గుడ్డ తప్పకుండా చొక్కా అవుతుంది.

రామకోటి_రవిక
మామయ్యా, మీ మాట బాగానే ఉంది గాని, బేగంబజారుకు గుండీల కోసం పంపడం ఆకలిగా ఉన్నవాణ్ణి మిఠాయి కొట్టుకు ఉప్పు తెమ్మని పంపినట్లే.

పసుపు_కుంకుమ
మామయ్య గారి పద్ధతి కొన్నవాటికి సరే. తాంబూలంలో వచ్చేవాటికి తోడు ఎక్కడినుంచి తేను?

మిషన్_మామయ్య
వాటిని రంగు ప్రకారం జతకట్టండి. రెండు 70 సెంటీమీటర్ల ముక్కలు కలిస్తే చిన్నపిల్లకు గౌను అవుతుంది, ఒకటి పైభాగానికి, ఒకటి కుచ్చులకు. పాలియెస్టర్ అయితే లోపల పలుచటి నూలు లైనింగు తప్పదు. ఏది నూలో, ఏది కాదో తెలియకపోతే అంచునుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన కొడుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రెండూ కలిసిన గుడ్డ అయితే బూడిదలో ఆ పూస చేతికి తగులుతుంది. చల్లారాకే ముట్టుకోండి.

సూదీ_దారం
ఇన్ని సలహాలు వస్తాయనుకోలేదు. దివాన్ పెట్టె ఒక్కటి ఖాళీ చేసి టేపుతో కొలిచాను. తాను_తుండు గారూ, మీరు నా బీరువా చూడకుండానే చెప్పింది అక్షరాలా నిజం. జాకెట్టు ముక్కలు పక్కన పెడితే మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒకటిన్నరకూ రెండుంబావుకూ మధ్యనే ఉన్నాయి. 2.5 మీటర్లు దాటినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. లైనింగు గుడ్డ మొత్తం పెట్టెలో ఒక్కటీ లేదు. పండక్కి ఏదీ పనికిరాకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.

ఇప్పుడు అసలు పని. ఎరుపు, నలుపు పోచంపల్లి ఇక్కత్ 1.75 మీటర్లు ఉంది, పన్నా 46. దానితో కలపగలిగినది ముదురు నీలం మంగళగిరి 2 మీటర్లు, సన్నటి నిజాం బోర్డరు ఉంది, పన్నా 44. రెండూ నూలే. అమ్మాయి ఇంటరు చదువుతున్నది, పొడవు కుర్తా కావాలంటున్నది. రెండూ కలిపి కుట్టవచ్చునా, లేక ఇక్కత్‌ను విడిగా చేతులు లేని పొట్టి కుర్తాగా కుట్టడం మేలా?

పడుగూ_పేక
కలపండి. ఇక్కత్‌ను ఛాతీ భాగానికీ చేతులకూ వేసి, కింది ఘేరు (నడుము కింద విచ్చుకునే భాగం) మంగళగిరితో కుడితే ఆ సన్న బోర్డరు అడుగున అంచుగా వస్తుంది.

అంగుళం_తేడా
నేను ఒప్పుకోను. 1.75 మీటర్ల ఇక్కత్‌ను ఛాతీకి, చేతులకు ముక్కలు చేస్తే మళ్ళీ ముప్పావు మీటరు మిగులుతుంది, అది మళ్ళీ దివాన్ పెట్టెలోకే వెళుతుంది. ఇక్కత్‌ను ముందు భాగం నడిమి పలకగా పైనుంచి కిందివరకు నిలువునా వేయండి, రెండు పక్కలా, వెనకా మంగళగిరి వేయండి. చేతులు కూడా ఇక్కత్‌లోనే తీయవచ్చు.

పన్నా44
వెనక భాగం, పక్క పలకలు, రెండూ 2 మీటర్ల మంగళగిరిలోనే రావాలంటే పొడవు కుర్తాకు చాలా బిగుతు లెక్క అవుతుంది. ఉతికాక 2 మీటర్లు 1.9 దగ్గరికి వస్తుందని మరచిపోకండి. సన్నటి అమ్మాయి అయితే 44 పన్నాలో వెనక భాగం తీశాక పక్కన మిగిలే పట్టీలోంచి ముందు పలకలు పడవచ్చు, ఘేరు మాత్రం ఆశించకూడదు. కత్తిరించేముందు కాగితం ముక్కలు గుడ్డ మీద పరిచి చూడండి.

తాను_తుండు
ఇక్కత్ పేక (అడ్డం పోగులు) మీద కూడా నమూనా ఉన్నది అయితే పక్క కుట్ల దగ్గర గళ్ళు కలపవలసి వస్తుంది, దానికి ఒక నమూనా పొడవు అదనంగా పోతుంది. నడిమి పలక పద్ధతిలో ఆ బాధ లేదు. నా ఓటు అంగుళం_తేడా గారికే.

పడుగూ_పేక
కుట్టడం రాదన్నవారు కూడా ఓట్లు వేస్తున్నారు.

తాను_తుండు
చింపినవాడికి కూడా బాధ ఉంటుందమ్మా.

సూదీ_దారం
నడిమి పలకే ఖాయం చేసుకుంటున్నాను. రెండు గుడ్డలనూ నీళ్ళలో వేశాను. ఇక్కత్‌లో ఎరుపు కొంచెం దిగుతున్నది. ఉప్పు వేయలేదు, పడుగూ_పేక గారు క్షమించాలి. మంగళగిరి పలుచగా ఉంది కాబట్టి లైనింగు వేద్దామనుకుంటున్నాను. దాన్ని కూడా ముందే ఉతకాలా? కొట్టులో ఉతకనవసరం లేదన్నారు.

మిల్లు_కెమిస్టు
తప్పకుండా ఉతకాలి. పైగుడ్డ ఇప్పటికే కుదించుకుని ఉంది, పలుచటి నూలు లైనింగు ఇంకా కుదించుకోలేదు. అలాగే కుడితే మొదటి ఉతుకు తరువాత లోపలిది లాగి పైగుడ్డ అంతా ముడుచుకుంటుంది, చంకల దగ్గర మొదట కనిపిస్తుంది. ఎరుపు దిగడం పూర్తిగా ఆగేవరకు ఇక్కత్‌ను ఒక్కదాన్నే జాడించండి. నీలం మీద ఎరుపు పడినా పెద్దగా తెలియదు గాని, లేతరంగు లైనింగు తెస్తే దాని మీద మాత్రం కనిపిస్తుంది.

మిషన్_మామయ్య
లైనింగు కూడా నీలంలోనే తెండి. ఉతికి ఆరేసరికి తగ్గుతుంది కాబట్టి 2.5 కాదు, 2.75 తీసుకోండి. మల్కాజిగిరిలోనే మ్యాచింగ్ సెంటర్లు ఉన్నాయి, జనరల్ బజారుకు వెళ్ళనవసరం లేదు.

సూదీ_దారం
జనరల్ బజారుకే వెళుతున్నాను. లైనింగు ఒక్కటే కొంటాను.

రామకోటి_రవిక
కొన్నవాటి జాబితా సాయంత్రం ఇక్కడ పెట్టండి, పొడవులతో సహా.